కిడ్నీ కణితి నుంచి లింఫ్ ఎటు పోతుంది: సెంటినెల్ గ్రంథి కోసం అన్వేషణ

కిడ్నీ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి బయటికి వచ్చిన సర్జన్‌ను రోగి బంధువులు అడిగే ప్రశ్నల్లో "లింఫ్ గ్రంథులు కూడా తీసేశారా డాక్టరు గారూ?" అన్నది ఒకటి. రొమ్ము క్యాన్సర్ చికిత్స గురించి ఇంట్లోనో ఇరుగుపొరుగునో విన్నవారికి ఈ ప్రశ్న సహజంగానే కలుగుతుంది, ఎందుకంటే అక్కడ చంకలోని గ్రంథుల పరీక్షే తరువాతి చికిత్సను చాలావరకు నిర్ణయిస్తుంది. కిడ్నీ విషయంలో మాత్రం "తీయలేదు, అవసరం పడలేదు" అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. అది విని, పని సగంలో ఆపేశారేమోనని బెంగపెట్టుకునేవారు ఉన్నారు. ఆ జవాబు నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. దాని వెనుక యాభై ఏళ్లకు పైబడిన వాదోపవాదాలు, ఒక పెద్ద క్లినికల్ ట్రయల్, మృతదేహాలలో లింఫ్ నాళాలను ఓపికగా వెతికిన శరీర నిర్మాణ పరిశోధన, వీటన్నిటి తరువాత ఆంస్టర్‌డామ్‌లో మొదలైన ఒక ఆసక్తికరమైన ప్రయత్నం ఉన్నాయి. ఆ ప్రయత్నం పేరు సెంటినెల్ గ్రంథి మ్యాపింగ్. అది కిడ్నీ రోగులకు ఇంకా చికిత్సగా మారలేదు. అయినా కిడ్నీ క్యాన్సర్ ఎందుకు అంత అంతుబట్టకుండా ప్రవర్తిస్తుందో అది చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించలేదని నా అభిప్రాయం.

ముందుగా లింఫ్ సంగతి. శరీరంలోని దాదాపు ప్రతి కణజాలంలోనూ రక్తనాళాల నుంచి కొంత ద్రవం బయటికి ఊరుతుంది. అందులో మిగిలిపోయినదాన్ని సన్నని లింఫ్ నాళాలు సేకరించి, వరుసగా ఉన్న గ్రంథుల గుండా నడిపించి, చివరకు మెడ మొదట్లో పెద్ద సిరల్లో కలుపుతాయి. గ్రంథులు ఈ ద్రవాన్ని వడగట్టి, అందులో కొట్టుకొచ్చిన సూక్ష్మజీవులను, పరాయి పదార్థాలను రోగనిరోధక కణాలకు పట్టి ఇస్తాయి. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టేది అందుకే. కణితి నుంచి విడివడిన క్యాన్సర్ కణాలు కూడా ఇదే ద్రవంతో ప్రయాణించగలవు. అలా బయలుదేరినవి ముందుగా చిక్కుకునేది ఆ కణితి నుంచి లింఫ్ వచ్చి చేరే మొట్టమొదటి గ్రంథిలో. దానినే సెంటినెల్ గ్రంథి అంటారు. కాలువ మొదట్లో ఉన్న తూము దగ్గర నీటిని పరీక్షిస్తే దిగువ పొలాలకు ఏం పారుతోందో తెలిసినట్టే, ఈ ఒక్క గ్రంథిని తీసి చూస్తే మిగతా గ్రంథుల స్థితిని అంచనా వేయవచ్చన్నది ఇందులోని ఆలోచన. ఇది పనిచేయాలంటే రెండు షరతులు నెరవేరాలి: లింఫ్ ఒక క్రమంలో ఒక గ్రంథి తరువాత మరొక గ్రంథిలోకి సాగాలి, ఆ మొదటి గ్రంథిని సర్జన్ గుర్తించగలగాలి, చేరుకోగలగాలి.

ఈ ఆలోచనను గట్టిగా ముందుకు తెచ్చినవాడు పరాగ్వేకు చెందిన సర్జన్ రామోన్ కబానాస్. పురుషాంగ క్యాన్సర్ రోగుల లింఫ్ నాళాల ఎక్స్-రేలను అధ్యయనం చేసి, గజ్జలో ఫలానా సిరల కూడలి దగ్గర ఉండే గ్రంథే మొదటి మజిలీ అని ఆయన 1977లో ప్రకటించాడు. ఆలోచన గొప్పది, కానీ అందులో ఒక లోపం ఉంది. ఆ గ్రంథి అందరిలోనూ ఒకే చోట ఉంటుందని ఆయన అనుకున్నాడు. తరువాత ఇతరులు అదే చోట వెతికితే, అక్కడి గ్రంథి శుభ్రంగా ఉండి పక్క గ్రంథిలో క్యాన్సర్ బయటపడిన సందర్భాలు ఎదురయ్యాయి. పటం చూసి కాకుండా, ఆ రోగిలో ఆ రోజు లింఫ్ ఎటు పారుతోందో చూసి గ్రంథిని పట్టుకోవాలన్న దిద్దుబాటు 1992లో డొనాల్డ్ మోర్టన్ బృందం నుంచి వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్నచోట నీలి రంగు ఎక్కించి, ఆ రంగు పట్టిన మొదటి గ్రంథిని వారు తీసి పరీక్షించారు. 1993లో డేవిడ్ క్రాగ్ రేడియోధార్మిక పదార్థంతోను, 1994లో ఆర్మాండో జూలియానో నీలి రంగుతోను ఇదే పద్ధతిని రొమ్ము క్యాన్సర్‌కు తెచ్చారు.

రొమ్ములో ఈ పద్ధతి ఎందుకు అంత త్వరగా పాతుకుపోయిందో గమనించడం అవసరం, ఎందుకంటే కిడ్నీతో తేడా అక్కడే ఉంది. అంతకుముందు ప్రతి రోగికీ చంకలోని గ్రంథులన్నిటినీ ఊడ్చి తీసేవారు. దాని వల్ల చేయి జీవితాంతం వాచిపోవడం, భుజం పట్టేయడం, తిమ్మిర్లు వంటి బాధలు ఎందరికో మిగిలేవి. సెంటినెల్ గ్రంథి శుభ్రంగా ఉంటే ఆ పెద్ద ఆపరేషన్ తప్పిపోతుంది. అంటే ఈ పరీక్ష రోగికి వెంటనే, కళ్లకు కనిపించే మేలు చేసింది. 5,611 మంది మహిళలతో అమెరికా, కెనడాల్లో జరిగిన ఎన్‌ఎస్‌ఏబీపీ బి-32 ట్రయల్ ఆ మేలును ధ్రువపరిచింది. మెలనోమాలోనూ, రొమ్ములోనూ తరువాత వచ్చిన ట్రయల్స్ ఇంకో అడుగు ముందుకు వేసి, సెంటినెల్ గ్రంథిలో కొద్దిపాటి క్యాన్సర్ కనిపించినా మిగతావన్నీ తీయడం వల్ల ఆయుష్షు పెరగదని తేల్చాయి. గ్రంథిని తీయడంలోని అసలు విలువ అది ఇచ్చే సమాచారంలో ఉందన్న అవగాహన అప్పటి నుంచే బలపడింది.

కిడ్నీ సర్జన్లు గ్రంథులను ఎందుకు వదిలేశారు

కిడ్నీ క్యాన్సర్ చరిత్ర దీనికి భిన్నంగా సాగింది. 1969లో టొరంటోకు చెందిన చార్లెస్ రాబ్సన్ బృందం రాడికల్ నెఫ్రెక్టమీ (కిడ్నీని పూర్తిగా తీసే ఆపరేషన్) ఫలితాలను ప్రచురించినప్పుడు, కిడ్నీతో పాటు దాని చుట్టూ ఉన్న కొవ్వు, ఆ కొవ్వును కప్పి ఉంచే గెరోటా పొర, పైనున్న అడ్రినల్ గ్రంథి, డయాఫ్రమ్ దగ్గర నుంచి బృహద్ధమని రెండుగా చీలేంత వరకు ఉన్న లింఫ్ గ్రంథులు అన్నీ ఆ ఆపరేషన్‌లో భాగంగానే ఉన్నాయి. అప్పటి ఫలితాలు అంతకుముందు కంటే మెరుగ్గా ఉండటంతో, గ్రంథులను తీయడం కూడా మేలు చేసిందని చాలామంది నమ్మారు. మేలు నిజంగా గ్రంథులు తీయడం వల్లే వచ్చిందా, లేక కిడ్నీని పొరతో సహా శుభ్రంగా తీయడం వల్ల వచ్చిందా అన్నది మాత్రం తేలలేదు.

దాన్ని తేల్చడానికి యూరప్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈవోఆర్‌టీసీ 30881 అనే ట్రయల్‌ను నడిపింది. అందులో 772 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి కిడ్నీతో పాటు గ్రంథులన్నీ తీశారు, రెండో వర్గానికి కిడ్నీ మాత్రమే తీశారు. 2009లో ప్రచురించిన తుది ఫలితాల ప్రకారం రెండు వర్గాల ఆయుర్దాయంలో తేడా లేదు. అంతకంటే ముఖ్యమైన అంకె మరొకటి ఉంది: గ్రంథులు పూర్తిగా తీసినవారిలో క్యాన్సర్ పాకిన గ్రంథులు కనిపించింది 4 శాతం మందిలోనే. అంటే ప్రతి వందమందిలో తొంభై ఆరుగురికి తీసిన గ్రంథులు శుభ్రంగానే ఉన్నాయి.

ఈ ట్రయల్‌పై విమర్శ న్యాయమైనదే. అందులో చేరినవారిలో ఎక్కువమంది కణితి కిడ్నీకే పరిమితమైనవారు, స్కానింగ్‌లో గ్రంథులు మామూలుగా కనిపించినవారు. తక్కువ ప్రమాదం ఉన్నవారిలో గ్రంథులు తీసి లాభం లేదని అది చెప్పింది గానీ, ఎక్కువ ప్రమాదం ఉన్నవారి గురించి పెద్దగా చెప్పలేదు. తరువాత అనేక కేంద్రాల పాత రికార్డులను కలిపి, ఎక్కువ ప్రమాదం ఉన్న రోగులను విడిగా విశ్లేషించినప్పుడు కూడా గ్రంథులు తీసినందువల్ల ఆయుష్షు పెరిగిన దాఖలా కనిపించలేదు. ఇక్కడే ఒక చిక్కుముడి ఏర్పడుతుంది. గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నవారి పరిస్థితి నిశ్చయంగా అధ్వానంగా ఉంటుంది. ప్రస్తుత వర్గీకరణలో వారిని మూడో దశలో ఉంచినా, వారిలో చాలామంది నాలుగో దశ రోగులకు దగ్గరగా ఉండే ఫలితాలనే చూస్తున్నారని పలు అధ్యయనాలు చూపించాయి. అలాంటప్పుడు ఆ గ్రంథులను తీస్తే ఎందుకు మేలు కలగడం లేదు?

ఒక సమాధానం అందరికీ తెలిసిందే. కిడ్నీ క్యాన్సర్ రక్తం ద్వారా తేలిగ్గా పాకుతుంది. కిడ్నీ సిరలోకీ, అక్కడి నుంచి ఐవీసీ అనే మహాసిరలోకీ కణితి గడ్డలా పెరిగి ఎక్కడం ఈ క్యాన్సర్ లక్షణాల్లో ఒకటి. రక్తంలో ముందే వెళ్లిపోయిన కణాలను గ్రంథులు తీసి ఆపలేం. రెండో సమాధానం లింఫ్ నాళాల అమరికలో ఉంది. సెంటినెల్ మ్యాపింగ్ కొత్త వెలుగునిచ్చింది ఇక్కడే.

పాఠ్యపుస్తకంలోని పటం, శరీరంలోని దారులు

వైద్య విద్యార్థి నేర్చుకునే పటం సరళంగా ఉంటుంది. కుడి కిడ్నీ లింఫ్ మొదట కిడ్నీ నాభి (రక్తనాళాలు కిడ్నీలోకి ప్రవేశించే చోటు) దగ్గరి గ్రంథులకు, తరువాత ఐవీసీకి పక్కన, వెనుక ఉన్న గ్రంథులకు, ఆ పైన ఐవీసీకి, బృహద్ధమనికి మధ్యనున్న గ్రంథులకు చేరుతుంది. ఎడమ కిడ్నీ లింఫ్ నాభి గ్రంథుల నుంచి బృహద్ధమని పక్కన, ముందు ఉన్న గ్రంథులకు చేరుతుంది. అక్కడి నుంచి అంతా సిస్టెర్నా కైలీ అనే సంచిలోకి, దాని నుంచి థొరాసిక్ డక్ట్ అనే ప్రధాన నాళంలోకి వెళ్లి, ఛాతీ గుండా పైకి ఎక్కి, ఎడమ మెడ మొదట్లో సిరలో కలుస్తుంది.

ఈ పటం అబద్ధం కాదు, కానీ అసంపూర్ణం. 1935లోనే మృతదేహాలపై జరిగిన వివరమైన అధ్యయనం కిడ్నీ లింఫ్ నాళాల్లో ఎంతో వైవిధ్యం ఉందని చూపించింది. 2006లో ఫ్రాన్స్‌లో అసువాడ్ బృందం మృతదేహాల కిడ్నీల్లోకి రంగు ఎక్కించి వెంబడించినప్పుడు, కొన్ని నాళాలు మధ్యలో ఏ గ్రంథినీ తాకకుండా నేరుగా థొరాసిక్ డక్ట్‌లో కలవడం కనిపించింది. దీని అర్థం ఎంత తీవ్రమైనదో ఆలోచించండి. అలాంటి నాళంలో ప్రయాణించిన క్యాన్సర్ కణం పొట్టలోని ఏ గ్రంథిలోనూ ఆగకుండా మెడ సిరకు, అక్కడి నుంచి గుండె కుడి భాగానికి, దాని ద్వారా ఊపిరితిత్తులకు చేరగలదు. కిడ్నీ క్యాన్సర్ అన్నిటికంటే ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకే. పొట్టలోని గ్రంథులు శుభ్రంగా ఉండగా ఛాతీ మధ్యలోని గ్రంథుల్లో మాత్రం క్యాన్సర్ కనిపించే రోగులు వైద్యులకు ఎదురవుతూనే ఉంటారు.

ఆపరేషన్ గదుల నుంచి వచ్చిన సాక్ష్యం కూడా ఇదే చెప్పింది. అమెరికాలోని మేయో క్లినిక్ సర్జన్లు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ ప్రమాదం ఉన్న 169 మందిలో విస్తృతంగా గ్రంథులు తీస్తే 64 మందికి వాటిలో క్యాన్సర్ ఉంది. ఆ 64 మందిలో 45 శాతం మందికి నాభి దగ్గరి గ్రంథుల్లో ఏమీ లేదు. క్యాన్సర్ వాటిని దాటి దూరపు గ్రంథుల్లో కూర్చుంది. నాభి దగ్గర చేతికి అందిన రెండు మూడు గ్రంథులు తీసి "శుభ్రంగా ఉన్నాయి" అని చెప్పడం ఎంత నమ్మదగనిదో తెలియడానికి ఈ ఒక్క అంకె చాలు. కబానాస్ పటానికి పట్టిన గతే నాభి గ్రంథికీ పట్టింది. మరి రొమ్ములో చేసినట్టు ఆ రోగిలో ఆ రోజు పారే లింఫ్‌నే వెంబడిస్తే?

ఆంస్టర్‌డామ్ ప్రయోగం

ఆ పనికి పూనుకున్నది నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఆక్సెల్ బెక్స్ బృందం. స్కానింగ్‌లో గ్రంథులు మామూలుగా ఉన్న 20 మంది రోగులతో తొలి అనుభవాన్ని వారు 2011లో ప్రచురించారు. ఆ తరువాత టీలే కూస్క్ ప్రధాన రచయితగా మరింత పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది.

పద్ధతి ఇలా సాగుతుంది. ఆపరేషన్‌కు ముందురోజు రోగిని పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్ చూస్తూ వీపు పక్క నుంచి సన్నని సూదిని కణితి లోపలికి పంపుతారు. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం అంటించిన నానోకొల్లాయిడ్ అనే ప్రొటీన్ రేణువులను, అర మిల్లీలీటరుకు మించని ద్రవంలో, నెమ్మదిగా లోపలికి ఎక్కిస్తారు. ఈ రేణువులు మరీ చిన్నవైతే రక్తకేశనాళికల్లోకి జారిపోతాయి, మరీ పెద్దవైతే ఎక్కించినచోటే ఉండిపోతాయి. అందుకే పరిమాణాన్ని నానోమీటర్లలో లెక్కించి తయారుచేస్తారు. లింఫ్‌తో పాటు సాగిన రేణువులను గ్రంథిలోని కణాలు మింగి పట్టి ఉంచుతాయి. మొదట కొన్ని నిమిషాలకు, మళ్లీ కొన్ని గంటలకు గామా కెమెరాతో బొమ్మలు తీస్తారు. ఆపైన స్పెక్ట్-సీటీ (గామా బొమ్మను సీటీ స్కాన్‌తో కలిపి చూపే స్కానింగ్) తీస్తే, నల్లని నేపథ్యంలో మెరిసే చుక్క ఏ రక్తనాళం పక్కన ఏ వెన్నుపూస ఎత్తులో ఉందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు. అంటే 24 గంటలు గడిచేసరికి దాని శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. మరునాడు సర్జన్ చేతిలోని గామా ప్రోబ్ ఆ మిగిలిన కొద్దిపాటి కిరణాలనే పసిగట్టాలి.

ఆపరేషన్ బల్ల దగ్గర అసలు ఇబ్బంది తెలుస్తుంది. సూది పొడిచిన కణితి ఇంకా కడుపులోనే ఉండి, చుట్టుపక్కల గ్రంథుల కంటే ఎన్నో రెట్లు గట్టిగా కిరణాలు వెదజల్లుతూ ఉంటుంది. ప్రోబ్‌ను నాభి వైపు తిప్పితే చాలు, అది ఆగకుండా మోగుతుంది. ఆ మోత గ్రంథిదా, కిడ్నీదా చెప్పడం కష్టం. అందుకే కిడ్నీని తీసి పక్కన పెట్టిన తరువాత మళ్లీ వెతకాలి. బృహద్ధమనికి, ఐవీసీకి మధ్యనో వెనుకనో ఉన్న గ్రంథిని తీయాలంటే ఆ మహానాళాలను జాగ్రత్తగా పక్కకు జరిపి, వెన్ను వైపు నుంచి వచ్చే చిన్న సిరలను ఒక్కొక్కటిగా కట్టాలి. చేయి జారితే రక్తస్రావం. లింఫ్ నాళం తెగి మూసుకోకపోతే పాలవంటి ద్రవం పొట్టలో చేరుతుంది.

ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి. ఈ పద్ధతితో సెంటినెల్ గ్రంథులను గుర్తించడం సాధ్యమేనని, రోగికి చెప్పుకోదగ్గ హాని లేదని తేలింది. మరోవైపు మూడింట ఒక వంతుకు పైగా రోగుల్లో ఏ గ్రంథీ వెలగలేదు. వెలిగినవారిలో కొందరికి ఆ చుక్క సర్జన్లు సాధారణంగా వెతికే పరిధికి బయట ఉంది. మరికొందరికి ఛాతీ లోపల కనిపించింది. థొరాసిక్ డక్ట్‌కు నేరుగా వెళ్లే దారులున్నాయని మృతదేహాలు సూచించినదానికి బతికున్న రోగుల శరీరాల్లోనే ఆధారం దొరికింది. ఛాతీలోని ఆ గ్రంథిని తీయడానికి కిడ్నీ రోగికి ఛాతీ తెరవడాన్ని ఎవరూ సమర్థించరు కాబట్టి, ఆ చుక్క బొమ్మలోనే మిగిలిపోతుంది. ఈవోఆర్‌టీసీ ట్రయల్‌లో గ్రంథులు తీసినా లాభం ఎందుకు లేకపోయిందన్న ప్రశ్నకు ఈ బొమ్మలు పాక్షికంగానైనా జవాబిచ్చాయి: కొందరిలో మొదటి మజిలీ, సర్జన్ ఊడ్చిన చోట అసలు లేనే లేదు.

ఇంతమందిలో ఏమీ వెలగకపోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. రొమ్ము క్యాన్సర్‌లో పదార్థాన్ని సాధారణంగా కణితి చుట్టూనో, చనుమొన చుట్టూ చర్మం కిందనో ఎక్కిస్తారు. అక్కడ లింఫ్ నాళాలు సమృద్ధిగా ఉంటాయి. కిడ్నీ ప్రయోగంలో కణితి లోపలికే ఎక్కించారు. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువ శాతం క్లియర్ సెల్ రకానివి; వాటిలో సాధారణంగా వీహెచ్‌ఎల్ జన్యువు పనిచేయదు, ఆ కారణంగా వీఈజీఎఫ్ అనే పదార్థం విపరీతంగా తయారై కణితి నిండా కొత్త రక్తనాళాలు పుడతాయి. అలా రక్తంతో ఉబ్బిన కణితి మధ్యలో పనిచేసే లింఫ్ నాళాలు తక్కువ, లోపలి ఒత్తిడి ఎక్కువ. కొన్నిచోట్ల కణజాలం చచ్చి నీరుగానో జిగటగానో మారి ఉంటుంది. అక్కడ వదిలిన రేణువులకు బయటికి దారి దొరకకపోవచ్చు, లేదా అవి రక్తంలోకి జారిపోవచ్చు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది: గ్రంథి అప్పటికే క్యాన్సర్‌తో నిండిపోతే లింఫ్ దాన్ని తప్పించుకుని పక్క దారి పడుతుంది, అప్పుడు వెలిగేది అసలు గ్రంథి కాదు. తీసుకోవాల్సిన జాగ్రత్త పెరిగేది సరిగ్గా ఎక్కువ ప్రమాదం ఉన్న రోగిలోనే అన్నమాట.

రొమ్ముకు తగ్గించింది, కిడ్నీకి పెంచుతుంది

సాంకేతిక ఇబ్బందులు కాలక్రమంలో తగ్గవచ్చు. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు. రొమ్ములో ఈ పరీక్ష ఒక పెద్ద ఆపరేషన్‌ను తప్పించింది. కిడ్నీలో తప్పించడానికి ఏముంది? గ్రంథులు తీయడం అలవాటుగా ఎప్పుడో మానేశారు. కాబట్టి ఇక్కడ సెంటినెల్ పరీక్ష అంటే, లేని పనిని కొత్తగా చేర్చడం: ఒక సూది, ఒకరోజు ముందు స్కానింగ్, మహానాళాల మధ్య అదనపు కోత. అది ఇచ్చే సమాచారం ఆ శ్రమకు తగినదై ఉండాలి.

ఆ సమాచారం ఎంత నమ్మదగినదో నిరూపించడం కూడా కష్టమే. సెంటినెల్ గ్రంథి శుభ్రంగా ఉన్నప్పుడు మిగతావి నిజంగా శుభ్రంగా ఉన్నాయా అని తేల్చాలంటే, గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్న రోగులు తగినంతమంది ఆ అధ్యయనంలో ఉండాలి. ఈవోఆర్‌టీసీలోలాగా 4 శాతం మందికే ఉంటే, అలాంటి వందమంది దొరకాలంటే 2,500 మందిని చేర్చుకోవాలి. మూడింట ఒక వంతు మందిలో గ్రంథి వెలగకపోతే ఆ సంఖ్య 3,700 దాటుతుంది. రొమ్ము క్యాన్సర్ వంటి సర్వసాధారణ వ్యాధిలో సాధ్యమైనది ఇక్కడ అంత సులభం కాదు.

అయితే ఇటీవలి కాలంలో త్రాసు కొంత మొగ్గింది. చాలాకాలం పాటు కిడ్నీ ఆపరేషన్ తరువాత ఇవ్వదగిన బలమైన మందు లేకపోవడం వల్ల గ్రంథిలో క్యాన్సర్ ఉందని తెలిసినా చేయగలిగింది తక్కువే. 2021లో కీనోట్-564 ట్రయల్ ఆ పరిస్థితిని మార్చింది. 994 మంది రోగులున్న ఆ ట్రయల్‌లో, ఆపరేషన్ తరువాత దాదాపు ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చినవారిలో వ్యాధి తిరగబెట్టడం తగ్గింది. 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 4 ఏళ్లకు జీవించి ఉన్నవారు మందు వర్గంలో 91.2 శాతం, మందు లేని వర్గంలో 86 శాతం. ఈ మందుకు అర్హత పొందే మార్గాల్లో ఒకటి గ్రంథిలో క్యాన్సర్ ఉండటం, అప్పుడు కణితి పరిమాణంతో పని లేదు. అంటే, కిడ్నీకే పరిమితమైన కణితి అని ఆపరేషన్ చేసి పంపించిన రోగికి ఎవరూ చూడని గ్రంథిలో క్యాన్సర్ దాగి ఉంటే, అతడు ఈ చికిత్సకు అర్హుడై ఉండి కూడా దాన్ని కోల్పోతాడు. ఇమ్యునోథెరపీ థైరాయిడ్‌ను, పేగులను, ఊపిరితిత్తులను దెబ్బతీసే అవకాశం కూడా ఉంది. పైగా ఒక్కో డోసు ఖర్చు మన తెలుగు రాష్ట్రాల్లోని చాలా కుటుంబాలకు భరించరానిది. ఎవరికి నిజంగా అవసరమో ముందే తెలిస్తే, అవసరమైనవారికి అందించడం, అక్కర్లేనివారిని కాపాడటం రెండూ సాధ్యమవుతాయి. ఆ ట్రయల్‌లో గ్రంథులకు పాకినవారు కొద్దిమందే ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి, అయినా ఈ ప్రశ్న ఇప్పుడు పాత రోజుల్లోలాగా పుస్తకాలకే పరిమితమైనది కాదు.

పిల్లల్లో వచ్చే విల్మ్స్ కణితి సంగతి ఇక్కడ పక్కన పెట్టి చూడదగ్గది. అది కూడా కిడ్నీ క్యాన్సరే, కానీ దాని స్వభావం వేరు. అక్కడ గ్రంథిలో క్యాన్సర్ ఉందంటే దశ మారుతుంది, రేడియేషన్, మందుల మోతాదు మారతాయి. అందుకే గ్రంథుల నమూనా తీయడం ఆ ఆపరేషన్‌లో తప్పనిసరి. యూరప్ మార్గదర్శకాలు కనీసం ఏడు గ్రంథులు తీయమంటాయి, వాస్తవంలో తక్కువ తీయడం పెద్ద సమస్య. ఇప్పుడు కొన్ని పిల్లల సర్జరీ బృందాలు ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగును కణితిలోకి కాకుండా, దాని పక్కనున్న ఆరోగ్యకరమైన కిడ్నీ కణజాలంలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో మెరిసే గ్రంథులను చూస్తూ తీస్తున్నాయి. పెద్దల్లో కణితి మధ్యలోకి సూది పొడిచి నిరాశపడినచోట, పిల్లల సర్జన్లు పక్క దారి ఎంచుకున్నారు. పెద్దల పరిశోధన కూడా ఇటువైపు చూడటం మంచిదని నాకనిపిస్తుంది.

ఇప్పటి వైద్యం మాత్రం సెంటినెల్ పరీక్ష లేకుండానే రోగులను వేరు చేస్తోంది. మేయో క్లినిక్ 2004లో ప్రతిపాదించిన పద్ధతిలో కణితి 10 సెంటీమీటర్లు అంతకు మించి ఉండటం, గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయో చెప్పే అంకె) 3 లేదా 4, సార్కోమా అనే దూకుడైన క్యాన్సర్‌ను పోలిన లక్షణాలు, కణజాలం చచ్చిపోవడం, కిడ్నీ దాటి పెరగడం అనే ఐదు లక్షణాలను చూస్తారు. వీటిలో ఒకటి లేదా ఏదీ లేకపోతే గ్రంథిలో క్యాన్సర్ ఉండే అవకాశం 0.6 శాతం, రెండు లేదా అంతకు మించి ఉంటే 10 శాతం. స్కానింగ్‌లో పెద్దగా కనిపించిన గ్రంథులను తీసి పరీక్షించడం మంచిదన్న సలహా కూడా ఉంది, ఎందుకంటే సైజు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. స్విట్జర్లాండ్‌కు చెందిన స్టూడర్ బృందం 1990లో 163 మంది రోగులను చూసినప్పుడు, సీటీలో గ్రంథులు పెద్దవిగా ఉన్న 43 మందిలో నిజంగా క్యాన్సర్ ఉన్నది 42 శాతం మందికే. మిగతావి వాపు వల్ల పెరిగినవి. ఆ 43 మందిలో పెద్ద గ్రంథి చూసి ఆశ వదులుకున్నవారు ఉంటే, వారిలో సగానికి పైగా అనవసరంగా వదులుకున్నట్టు.

కాబట్టి ఆపరేషన్ తరువాత గ్రంథుల గురించి అడగాలనుకునే కుటుంబం ప్రశ్నను కొంచెం మార్చి అడగడం ఉపయోగకరం. పాథాలజీ రిపోర్టు చేతికి వచ్చినప్పుడు అందులో ఎన్ అక్షరం పక్కన ఏముందో చూడాలి. ఎన్0 అంటే పంపిన గ్రంథులను పరీక్షించారు, క్యాన్సర్ లేదు. ఎన్ని పరీక్షించారో కూడా రిపోర్టులో రాసి ఉంటుంది. ఎన్1 అంటే ఉంది. ఎన్ఎక్స్ అంటే ఒక్క గ్రంథి కూడా పరీక్షకు రాలేదు, వాటి సంగతి చెప్పలేం. చిన్న కణితి, తక్కువ గ్రేడ్ ఉన్న రోగికి ఎన్ఎక్స్ అని వచ్చినా ఆందోళన పడాల్సిన పని లేదు. కణితి పెద్దదై, గ్రేడ్ ఎక్కువై, రిపోర్టులో ఎన్ఎక్స్ ఉన్నప్పుడు మాత్రం, "సీటీలో గ్రంథులు ఎలా ఉన్నాయి, ఆపరేషన్‌లో చేతికి తగిలాయా, తరువాతి స్కానింగ్‌లో పొట్టతో పాటు ఛాతీ కూడా చూస్తారా?" అని సర్జన్‌ను, మెడికల్ ఆంకాలజిస్టును ఇద్దరినీ అడగాలి.